షుల్ట్సె ఇంటిపేరు: దాని పుట్టుక, రూపభేదాలు, నేటి వ్యాప్తి

తెలుగు బైబిలు అనువాద చరిత్ర చదవబోయే విద్యార్థికి మొదటి పుటల్లోనే ఒక జర్మను పేరు ఎదురవుతుంది. ఆ పేరు బెంజమిన్ షుల్ట్సె. మన తెలుగు రచనల్లో ఈ పేరు షుల్జ్ అనీ, షుల్జే అనీ, షుల్ట్జ్ అనీ రకరకాలుగా కనిపిస్తుంది. తప్పంతా మనవాళ్లదే అనుకోనక్కరలేదు. జర్మను, లాటిను పత్రాల్లోనే ఆయన పేరు ఒక్క తీరుగా లేదు. ఉచ్చారణ విషయానికి వస్తే, జర్మనులు పలికే ఆ చివరి హల్లు మన ‘చాలు’, ‘చలి’ అనే మాటల్లోని దంత్య చకారానికి చాలా దగ్గర. మనకు ఆ పేరు ఇంగ్లీషు పుస్తకాల మీదుగా చేరింది కాబట్టి దాన్ని జకారం చేసుకున్నాం. ఈ వ్యాసంలో షుల్ట్సె అనే రూపాన్ని వాడుతున్నాను.

ఈ పేరు మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం నా సొంత పొరపాటు. బి.డి. చదువుతున్న రోజుల్లో సంఘ చరిత్ర పాఠానికి రాసిన ఒక వ్యాసంలో షుల్ట్సెను, తంజావూరులో పనిచేసిన ష్వార్ట్స్‌ను ఒకే వ్యక్తిగా భావించి రాశాను. తెలుగు బైబిలు అనువాదకుడు 1798లో తంజావూరులో మరణించాడని కూడా ధైర్యంగా తేల్చాను. గురువుగారు ఎర్ర సిరాతో రెండు పేర్ల కింద గీత గీసి, ‘వీరిలో ఒకరు మరొకరికి తమిళం నేర్పారు’ అని మాత్రం రాశారు. గ్రంథాలయంలో కార్డులు వెదికినప్పుడు నేను చూసింది ఒక్క అక్షరక్రమం కిందనే. అక్కడ లేకపోయేసరికి అసలు పుస్తకమే లేదనుకున్నాను. తరువాత పరిచర్యలో ఉండగా వేదాంత విద్యార్థుల వ్యాసాలు దిద్దవలసి వచ్చినప్పుడు ఇదే పొరపాటు మళ్లీ మళ్లీ చూశాను. ఇద్దరూ జొన్నెన్‌బుర్గ్ అనే ఒకే ఊరిలో పుట్టారు, ఇద్దరూ హాలెలో చదివారు, ఇద్దరూ తరంగంబాడి మిషనుకు వచ్చారు, ఇద్దరి పేర్లూ షకారంతో మొదలవుతాయి. విద్యార్థి తికమక పడడంలో ఆశ్చర్యమేమీ లేదు. అయితే రెండు పేర్ల అర్థం తెలిసినవాడు తికమక పడడు. ష్వార్ట్స్ అంటే నల్లనివాడు. షుల్ట్సె అంటే గ్రామపెద్ద.

మాట ఎలా పుట్టింది?

షుల్ట్సె, షుల్ట్స్, షోల్ట్స్, షుల్టె, షుల్ట్‌హైస్ అనే ఇంటిపేర్లన్నీ ఒకే వేరునుండి వచ్చిన కొమ్మలు. ప్రాచీన జర్మనులో ‘స్కుల్ద్‌హైజో’ అనే సమాసం ఉండేది. ‘స్కుల్ద్’ అంటే చెల్లించవలసినది, చేయవలసిన బాధ్యత. ‘హైజన్’ అంటే ఆజ్ఞాపించడం. చెల్లించవలసినదాన్ని చెల్లించమని ఆజ్ఞాపించే అధికారి అని మొత్తం అర్థం. ఇటలీలో స్థిరపడిన లొంబార్డు జాతివారి రాజు రొతారి 643లో వెలువరించిన శాసనంలో ఇదే మాట లాటిను వేషంలో ఒక స్థానిక అధికారి పదవిగా కనబడుతుంది. అంటే ఇంటిపేరు కావడానికి దాదాపు 600 ఏళ్లకు ముందే ఇది పదవి పేరు.

ఆ సమాసంలోని రెండు మాటలూ నేటి జర్మనులో సజీవంగా ఉన్నాయి, అర్థాలు మాత్రం కొంత జరిగాయి. ‘హైసెన్’ అనే క్రియకు ఇప్పుడు పిలువబడడం, పేరు కలిగి ఉండడం అని ముఖ్యార్థం. ఒక జర్మను తన పేరు చెప్పేటప్పుడు వాడేది ఆ క్రియనే. ఇక ‘షుల్ద్’ అనే నామవాచకానికి నేడు రెండు అర్థాలున్నాయి. ఒకటి అప్పు, మరొకటి దోషం. లూథరు బైబిలులో ప్రభువు నేర్పిన ప్రార్థనలో క్షమాపణ అడిగే చోట ఉన్న మాట ఇదే. మత్తయి సువార్తలో మన తెలుగు పాఠం ‘ఋణములు’ అంటుంది, లూకాలో ‘పాపములు’ అంటుంది.  ఆ ప్రార్థనను తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకుల్లో ఒకాయన ఇంటిపేరులోనే ఆ మాట ఉండడం యాదృచ్ఛికమే. దానిమీద ప్రసంగం కట్టవద్దని తోటి కాపరులకు నా మనవి. ఆయన కాలానికి ఆ పేరులోని పాత అర్థాన్ని ఎవరూ తలుచుకునేవారు కారు.

ఊరికొక్కడే అయినా ఇంతమంది ఎలా?

జర్మను దేశంలో ఎక్కువగా కనబడే ఇంటిపేర్లు వృత్తుల పేర్లు. ముల్లర్ అంటే పిండిమరవాడు, ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, వేబర్ అంటే నేతగాడు. వీరు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. అలాగే గ్రామపెద్ద కూడా ఊరికొకడే. ఒక ఊరిలో అరుదుగా ఉండేవాడి పేరే గుర్తుగా పనికివస్తుంది. అందరూ రైతులైన ఊరిలో ‘రైతు’ అని పిలిస్తే ఎవరు పలుకుతారు? ఒక్కో ఊరిలో ఒక్కో షుల్ట్సె చొప్పున వేల ఊళ్లలో వేలమంది షుల్ట్సెలు తయారయ్యారు. వారి మధ్య రక్తసంబంధం ఉండనవసరం లేదు.

12వ శతాబ్దం నుండి 14వ శతాబ్దం వరకు ఎల్బె నదికి తూర్పున, స్లావు జాతులు నివసించే ప్రాంతాల్లో, జర్మను రైతులు పెద్ద ఎత్తున స్థిరపడ్డారు. ప్రభువు ఒక గుత్తేదారుకు అడవినో బీడునో అప్పగించేవాడు. అతడు రైతులను పోగుచేసి, భూమిని కొలిపించి, ఊరు కట్టించేవాడు. ప్రతిఫలంగా ఆ ఊరి షుల్ట్సె పదవి అతనికి వంశపారంపర్యంగా దక్కేది. పన్ను లేని భూమి, గ్రామ న్యాయసభలో విధించిన జరిమానాల్లో ఒక వంతు (చాలాచోట్ల మూడో వంతు), కొన్ని ఊళ్లలో సారాయి అంగడి హక్కు కూడా అతనివే. పదవి తండ్రినుండి కొడుకుకు వెళ్లినప్పుడు పదవి పేరు కూడా వెళ్లింది. కరణం, మునసబు పదవులు తరతరాలు ఒకే ఇంట ఉండడం చూసినవారికి ఇది వివరించి చెప్పనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంశపారంపర్య గ్రామోద్యోగాలు 1984లో రద్దయ్యాయి. ప్రష్యాలో భూమికి అంటిపెట్టుకున్న షుల్ట్సె పదవిని 1872నాటి జిల్లా పాలనా చట్టం రద్దు చేసింది. పదవి పోయింది, ఇంటిపేరు మిగిలింది.

అందుకే ఈ పేరు జర్మనీ అంతటా సమానంగా పరచుకోలేదు. షుల్ట్స్ అనే పొట్టి రూపం బ్రాండెన్‌బుర్గ్, మెక్లెన్‌బుర్గ్, పొమెరేనియాల్లో దట్టంగా ఉండేది. ఎకారాంతమైన షుల్ట్సె కొంచెం దక్షిణాన సాక్సనీ వైపు ఎక్కువ. సైలీషియాలో అదే పేరు షోల్ట్స్ అయింది. ఫ్రాంకోనియా, వుర్టెంబెర్గ్ వైపు మాట కుదించుకుపోకుండా షుల్ట్‌హైస్‌గానే నిలిచింది. బవేరియా, ఆస్ట్రియాల్లో గ్రామపెద్దను వేరే మాటలతో పిలిచేవారు గనుక అక్కడ ఈ పేరు పలుచన. అక్కడ రిక్టర్, మాయర్, అమ్మన్ వంటి పేర్లు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

వెస్ట్‌ఫాలియా సంగతి వేరు. అక్కడి షుల్టె గ్రామపెద్ద కాడు. భూస్వామి ప్రధాన క్షేత్రాన్ని చూసుకుంటూ, చుట్టుపక్కల కౌలుదారులనుండి రావలసినవి వసూలు చేసే పెద్దరైతు. కాబట్టి షుల్ట్సె అన్న ప్రతివాడి పూర్వికుడూ న్యాయసభ నడిపాడని చెప్పడం తొందరపాటు. షుల్ట్సె ఇంట పనిచేసిన పాలేరుకూ, షుల్ట్సె భూమిని తరువాత కొన్నవాడికీ కూడా ఆ పేరు అంటుకున్న సందర్భాలున్నాయి. మన వ్యాసాల్లో కొన్నిచోట్ల బెంజమిన్ షుల్ట్సె ‘గ్రామాధికారుల వంశస్థుడు’ అన్నట్టు ధ్వనించే వాక్యాలు చూశాను. ఇంటిపేరు ఒక్కటే దానికి ఆధారం కాలేదు.

లాటిను చొక్కా తొడుక్కున్న షుల్ట్సెలు

16వ శతాబ్దపు పండితులకు తమ జర్మను పేర్లు మోటుగా తోచాయి. ష్వార్ట్సెర్ద్ అనే పేరుగల యువకుడు దాన్ని గ్రీకులోకి మార్చుకొని మెలంక్తన్ అయ్యాడు. షుల్ట్సెలకు రెండు దారులు దొరికాయి. కొందరు మాటను అలాగే లాటినీకరించి స్కుల్టేటుస్ అన్నారు. మరికొందరు అర్థాన్ని అనువదించి, రోమా న్యాయాధికారి పదవి పేరుతో ప్రెటోరియుస్ అన్నారు. లూథరన్ సంఘ సంగీతానికి ఎనలేని సేవ చేసిన మిఖాయెల్ ప్రెటోరియుస్, 1621లో మరణించినవాడు, షుల్టైస్ అనే లూథరన్ పాదిరి కుమారుడు. గ్యోర్లిత్స్ పట్టణపు గణిత, ఖగోళ పండితుడు బార్తొలొమెయుస్ స్కుల్టేటుస్ (1540–1614) తన ఊరికి నిజంగానే పురాధ్యక్షుడయ్యాడు. పేరుకు తగ్గ పదవి దొరకడమంటే ఇదే. హైడెల్‌బెర్గ్ ఆస్థాన బోధకుడైన సంస్కృత సంఘ వేదాంతి అబ్రహాం స్కుల్టేటుస్ (1566–1625) కూడా సైలీషియా షోల్ట్స్‌లలో ఒకడే.

వీరందరికంటే సంఘ చరిత్ర విద్యార్థికి ముఖ్యమైనవాడు హియెరొనిముస్ షుల్ట్స్. ఈయన బ్రాండెన్‌బుర్గ్ బిషప్పు. విట్టెన్‌బెర్గ్ పట్టణం ఈయన అధ్యక్ష మండలంలోనిదే. పాపపరిహార పత్రాలపై తన వాదాల వివరణను లూథరు 1518లో ముందుగా సమర్పించింది ఈ బిషప్పుకే. లాటిను పత్రాల్లో ఈయన స్కుల్టేటుస్, జర్మను గ్రంథాల్లో షుల్ట్స్. ఇద్దరనుకునే విద్యార్థులు ఉంటారు, ఉన్నారు.

పాదిరుల కలమూ అక్షరక్రమమూ

ఒకే పేరుకు ఇన్ని అక్షరక్రమాలు ఎందుకు? ఇందులో సంఘ కాపరుల పాత్ర తక్కువేమీ కాదు. 16వ శతాబ్దం నుండి బాప్తిస్మ, వివాహ, సమాధి పుస్తకాలు రాసింది వారే. కుటుంబం చెప్పింది విని, చెవికి తోచినట్టు రాశారు. తండ్రి బాప్తిస్మం దగ్గర తకారంతో ఉన్న పేరు కొడుకు బాప్తిస్మం దగ్గర తకారం లేకుండా ఉంటుంది. నేను సేవచేసిన ఒక సంఘంలో ఒకే కుటుంబం ఇంటిపేరును మూడు తరాల పాదిరులు మూడు విధాలుగా రాశారు. మూడవది నా చేతిరాతే. పాస్‌పోర్టు కోసం ఆ కుటుంబం పడిన పాట్లు చూశాక జర్మను పాదిరులను తప్పుపట్టే ధైర్యం నాకు లేకపోయింది. జర్మను సామ్రాజ్యంలో పౌర నమోదు చట్టం 1875లో వచ్చి, మరుసటి ఏడాది ఆరంభం నుండి దేశమంతటా అమలయింది. అప్పటికి ప్రభుత్వ పుస్తకంలో ఏ రూపం పడిందో అదే కుటుంబానికి శాశ్వతమైంది. అన్నదమ్ముల పిల్లలు ఒకరు షుల్ట్స్, ఒకరు షుల్ట్సె అయిన ఇళ్లు అలా ఏర్పడ్డాయి.

మన బెంజమిన్ షుల్ట్సె

బ్రాండెన్‌బుర్గ్ తూర్పు భాగంలోని జొన్నెన్‌బుర్గ్‌లో 1689లో ఆయన పుట్టాడు. షుల్ట్సె, షుల్ట్స్ పేర్లు అడుగడుగునా కనిపించే ప్రాంతమది. హాలెలో చదివి 1719లో తరంగంబాడి చేరాడు. అప్పటికి కొన్ని నెలల ముందే త్సీగెన్‌బాల్గ్ మరణించాడు. ఆయన రూతు గ్రంథం వరకు తెచ్చిన తమిళ పాత నిబంధనను షుల్ట్సె ముగించాడు. 1726లో మద్రాసు వచ్చి, అక్కడి వీధుల్లో తమిళంతో పాటు తెలుగు కూడా వినబడడంతో తెలుగు నేర్చుకున్నాడు. 1728లో లాటినులో ఒక తెలుగు వ్యాకరణం రాశాడు. 1732 నాటికి బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. తెలుగు కొత్త నిబంధన అచ్చులో చూడడానికి మన ప్రజలు 1818 వరకు ఆగవలసి వచ్చింది.

1743లో ఆయన స్వదేశానికి వెళ్లిపోయాడు. 1746, 1747 సంవత్సరాల్లో హాలెలో చిన్న క్రైస్తవోపదేశ గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలుగా వీటినే చెబుతారు. ముందుగా తెలుగులో రాసుకున్న 30 సంభాషణలను, మద్రాసు జీవితం గురించినవి, ఇంగ్లీషులో 1750లో ప్రకటించాడు. 1760లో హాలెలోనే కన్నుమూశాడు. 1745లో వచ్చిన ఆయన హిందుస్తానీ వ్యాకరణం ముఖపత్రం మీద పేరు లాటిను షష్ఠీ విభక్తిలో ‘షుల్ట్సీ’ అని, తకారం లేకుండా ఉంది. ఆయన పేరు తకారంతో వెదికే విద్యార్థికి ఆ పుస్తకం దొరకదు. పైన చెప్పిన ష్వార్ట్స్, అదే జొన్నెన్‌బుర్గ్‌లో 1726లో పుట్టి, హాలెలో ఈ పెద్దాయన దగ్గర తమిళం నేర్చుకొని 1750లో భారతదేశం చేరాడు.

ఆంధ్ర దేశానికి వచ్చిన మరో జర్మను పేరును ఇక్కడ తలుచుకోవాలి. హెర్మన్స్‌బుర్గ్ మిషను తరఫున 1865లో నెల్లూరు ప్రాంతానికి వచ్చిన ఆగస్ట్ మిలియుస్ ఇంటిపేరు కూడా పండితులు మార్చిన పేరే. అది ముల్లర్‌కు గ్రీకు, లాటిను వేషం.

నేటి వ్యాప్తి

నేటి జర్మనీలో ఎక్కువమందికి ఉన్న పది ఇంటిపేర్ల జాబితాలో షుల్ట్స్ సాధారణంగా తొమ్మిదవ స్థానంలో కనబడుతుంది. షుల్ట్సె, షోల్ట్స్, షుల్టె వేరువేరుగా లెక్కకు వచ్చినా మొదటి వందలోపే ఉంటాయి. అన్నిటినీ ఒకటిగా కలిపితే ఈ పేరు స్థానం ఇంకా పైకి వెళుతుంది. 2005 నాటి టెలిఫోను చందాదారుల పేర్ల ఆధారంగా తయారైన జర్మను ఇంటిపేర్ల పటసంపుటాలు 2009 నుండి వెలువడ్డాయి. పైన చెప్పిన మధ్యయుగపు సరిహద్దులు ఆ పటాల మీద నేటికీ లీలగా తెలుస్తాయి.

లీలగా అనడానికి కారణం 1945. యుద్ధం తరువాత ఓడర్, నైసె నదులకు తూర్పున ఉన్న సైలీషియా, పొమెరేనియా, తూర్పు ప్రష్యాలతో పాటు ఇతర తూర్పు దేశాలనుండి సుమారు 1 కోటి 20 లక్షలమంది జర్మనులు పారిపోయారు, లేదా వెళ్లగొట్టబడ్డారు. సైలీషియాకే గుర్తుగా ఉన్న షోల్ట్స్ అనే పేరు ఆ నిరాశ్రయులతో పాటు హాంబుర్గ్ నుండి మ్యూనిక్ దాకా చెదిరిపోయింది. ఇంటిపేరు పటం మీద చుక్కలు చెదరడం వెనుక ఇళ్లు, సమాధులు, ఆలయాలు వదిలి వచ్చిన కుటుంబాలున్నాయి.

ఇటీవలి జర్మను రాజకీయాల్లో ఒక తమాషా జరిగింది. సోషల్ డెమొక్రటిక్ పార్టీ అధ్యక్షుడు మార్టిన్ షుల్ట్స్ 2018 ఫిబ్రవరిలో తప్పుకొనగా, కొన్ని వారాలు ఆ బాధ్యతను ఓలాఫ్ షోల్ట్స్ చూశాడు. షోల్ట్స్ 2021 డిసెంబరు నుండి 2025 మే వరకు చాన్సలరుగా ఉన్నప్పుడు ఆయన మంత్రివర్గంలో స్వెన్యా షుల్ట్సె ఉన్నారు. ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు, ముగ్గురికీ చుట్టరికం లేదు. పేరు ఎంత సాధారణమో 19వ శతాబ్దంలోనే తెలిసింది. 1848నాటి ప్రష్యా జాతీయ సభలో షుల్ట్సెలు పలువురు ఉండడంతో హెర్మన్ షుల్ట్సె తన ఊరి పేరు చేర్చుకొని షుల్ట్సె-డెలిచ్ అయ్యాడు. చేతివృత్తులవారికి అప్పులిచ్చే సహకార సంఘాలు స్థాపించినది ఈయనే. ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో రైఫైజెన్ పద్ధతితో పాటు ఈయన పద్ధతినీ చర్చించాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన పట్టణాల్లోని సహకార బ్యాంకుల పుట్టుకలో ఆ విధంగా ఒక షుల్ట్సె ఉన్నాడు.

సముద్రం దాటినప్పుడు పేరు మరికొన్ని అక్షరాలు పోగొట్టుకుంది. అమెరికాలో తకారం గల షుల్ట్స్ రూపమే హెచ్చు. 1823 నుండి 1829 వరకు పెన్సిల్వేనియా గవర్నరుగా ఉన్న జాన్ ఆండ్రూ షుల్ట్సె తన పేరులో ఒక అక్షరం తగ్గించి రాసుకున్నాడు. ఈయన లూథరన్ పాదిరి కుమారుడు, హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బెర్గ్‌కు మనుమడు. ఆ మ్యూలెన్‌బెర్గ్ 1748లో ఏర్పరచిన పెన్సిల్వేనియా మినిస్టీరియమే 1842లో గుంటూరు చేరిన హెయర్‌ను పంపింది. దక్షిణ ఆస్ట్రేలియాకు 1838 నుండి వలసవెళ్లిన బ్రాండెన్‌బుర్గ్ లూథరన్ల సంతతిలోనూ షుల్ట్స్‌లు ఎక్కువే. అయితే ఈ పేరుగల ప్రతివాడూ ప్రొటెస్టంటు కాడు, జర్మనూ కాడు. పోలిష్ భాషలో గొప్ప కథలు రాసిన బ్రూనో షుల్ట్స్ యూదుడు. 1942లో ద్రొహొబిచ్ వీధిలో ఒక గెస్టపో అధికారి ఆయనను కాల్చి చంపాడు.

తూర్పున ఈ మాట ఇంటిపేరుగానే గాక పదవిగా కూడా బ్రతికింది. మధ్యయుగంలో జర్మను గ్రామ పద్ధతితో పాటు స్లావు భాషల్లోకి వెళ్లి పోలండులో ‘సొల్టిస్’ అయింది. నేటికీ పోలండు గ్రామాల్లో ప్రజలు ఎన్నుకునే గ్రామపెద్దను అలాగే పిలుస్తారు. స్లొవాకుల్లో షొల్తేస్, హంగరీలో షొల్తేస్, చెక్కుల్లో షుల్త్స్ అనే ఇంటిపేర్లు దీని సంతానమే. బెంజమిన్ షుల్ట్సె పుట్టిన జొన్నెన్‌బుర్గ్ 1945 తరువాత పోలండులో చేరి స్వొన్స్క్ అయింది. ఊరి పేరు మారింది, జనం మారారు, భాష మారింది. చుట్టుపక్కల గ్రామాల పెద్దలు మాత్రం ఇప్పటికీ సొల్టిస్‌లే.

మన విద్యార్థులు ఈ అనువాదకుని గురించి గ్రంథాలయాల్లోగాని కంప్యూటరులోగాని వెదికేటప్పుడు తకారం ఉన్నదీ లేనిదీ, ఎకారం ఉన్నదీ లేనిదీ, మొత్తం నాలుగు అక్షరక్రమాల కిందా, లాటిను షుల్ట్సియుస్ కిందా చూడాలి. నేను కార్డులు వెదికిన రోజున నాలుగో డ్రాయరు తెరచి ఉంటే నా వ్యాసంలో ఆ ఎర్ర సిరా పడేది కాదు.